డిస్నీ వరల్డ్‌కు అత్తమామలతో వెళ్తున్నాము: బస ఎక్కడ, భోజనం ఎలా?

ప్రశ్న (అట్లాంటా నుంచి)

అందరికీ నమస్కారం. ఏప్రిల్ మొదటి వారంలో పిల్లల బడికి సెలవులు. ఆ వారం ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్‌కు వెళ్లాలని అనుకుంటున్నాము. మా వారు, నేను, 9 ఏళ్ల పాప, 4 ఏళ్ల బాబు, తెనాలి నుంచి వచ్చి ఆరు నెలలు మా దగ్గర ఉండబోతున్న మా అత్తగారు, మామగారు కలిపి మొత్తం ఆరుగురం. కారులోనే వెళ్తాము, కాబట్టి సామాను ఎంతైనా తీసుకెళ్లగలము.

టిక్కెట్ల గురించి, ఏ రైడ్ ముందు ఎక్కాలన్న దాని గురించి రాసినవారు చాలామంది ఉన్నారు. నాకు ఎక్కడా దొరకనిది పెద్దవాళ్లను దృష్టిలో పెట్టుకుని చెప్పిన మాట. మామగారికి 70 ఏళ్లు, భోజనానికి ముందు ఇన్సులిన్ వేసుకుంటారు, అందువల్ల వేళ తప్పకూడదు. అత్తగారికి మోకాళ్ల నొప్పులు. ఆమె గుడ్డు కూడా ముట్టని శాకాహారి. శనివారాలు ఒంటిపూట ఉంటారు, ఆ రోజు ఉల్లి, వెల్లుల్లి కూడా తినరు. ఆకలి వేస్తోందని తనంతట తాను చెప్పే మనిషి కాదు. పోయినసారి వచ్చినప్పుడు వేరే ఊరికి విహారయాత్రకు తీసుకెళ్తే, రెండు రోజులు అరటిపళ్లతో, బంగాళాదుంప వేపుళ్లతో గడిపి, ఇంటికి తిరిగి వచ్చిన వారానికి గానీ ఆ సంగతి మాకు తెలియనివ్వలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ పోలేదు, అందుకే ఈసారి ముందుగా అడుగుతున్నాను.

మేము మూడు చోట్లు చూసి పెట్టుకున్నాము. ఒకటి, డిస్నీ వారిదే అయిన ఆర్ట్ ఆఫ్ యానిమేషన్ హోటల్లో ఆరుగురికి సరిపోయే ఫ్యామిలీ సూట్. రెండు, డిస్నీకి బయట, దగ్గరి ఊరైన డేవన్‌పోర్ట్ వైపు పూర్తి వంటిల్లు, ఈతకొలను ఉన్న అద్దె ఇల్లు. మూడు, డిస్నీ వారిదే అయిన ఫోర్ట్ వైల్డర్‌నెస్‌లో 2024లో కొత్తగా తెరిచిన క్యాబిన్. వంటిల్లు లేకపోతే పెద్దవాళ్లకు ఇబ్బంది అవుతుందా? పార్కుల్లోపల వాళ్లు నమ్మకంగా తినగలిగేది ఏమైనా దొరుకుతుందా? పెద్దవాళ్లతో వెళ్లివచ్చినవారు వివరంగా చెప్తే మేలు చేసినవారవుతారు.


సమాధానం (డాలస్ నుంచి)

నమస్కారమండీ. మేము రెండేళ్ల క్రితం మా అమ్మానాన్నలతో వెళ్లి డేవన్‌పోర్ట్‌లో నాలుగు పడకగదుల ఇంట్లో ఐదు రాత్రులు ఉన్నాము. మీరు చెప్పిన పరిస్థితిలో నేనైతే మళ్లీ ఇల్లే తీసుకుంటాను. పొద్దున్నే మా అమ్మ తన పద్ధతిలో కాఫీ కలుపుకుని, ఒక మూల దీపం పెట్టుకుని, నాన్నకు ఇడ్లీ తినిపించి బయటికి రావడం వల్ల ఆ రోజంతా ఆమె ముఖంలో కొత్త చోట ఉన్నామన్న బెరుకు కనపడలేదు. తిరిగి వచ్చాక పప్పు, అన్నం, పెరుగు ఉన్నాయన్న ధైర్యం వేరు. దారిలో ఏ పబ్లిక్స్‌లోనో వాల్‌మార్ట్‌లోనో పాలు, పెరుగు, కూరగాయలు తీసుకోవచ్చు. కందిపప్పు, బియ్యం, పోపు సామాను మాత్రం మీరు అట్లాంటా నుంచే కారులో వేసుకోండి.

అయితే ఇల్లు మాట్లాడుకునేటప్పుడు నాలుగు సంగతులు గట్టిగా అడగండి. రాత్రికి ఇంత అని చూపించే అద్దె మీద శుభ్రం చేసే రుసుము, పన్నులు, కొలను నీళ్లు వేడిచేసినందుకు విడిగా రుసుము కలుస్తాయి, కాబట్టి మొత్తం లెక్క చూశాకే హోటల్‌తో పోల్చండి. మోకాళ్ల నొప్పులు ఉన్నవారికి కింది అంతస్తులోనే పడకగది, దానికి ఆనుకునే స్నానాలగది ఉండాలి. ఆ చుట్టుపక్కల చాలా ఇళ్లు రెండంతస్తులవి, మంచి గదులు మేడ మీద ఉంటాయి. మీ బాబుకు 4 ఏళ్లు కనుక కొలను చుట్టూ కంచె గానీ, ఇంట్లోంచి కొలను వైపు తీసే తలుపుకు అలారం గానీ ఉందో లేదో ఫొటోలో చూసి సరిపెట్టుకోకుండా యజమానిని అడిగి రాతలో తీసుకోండి. చివరిది, పార్కుకు ఎన్ని మైళ్లు అని కాకుండా ఉదయం 8 గంటలకు ఎన్ని నిమిషాలు పడుతుందని అడగండి. ఐ-4 రహదారి మీద ఆ వేళ రద్దీ చాలా ఎక్కువ.


సమాధానం (టాంపా నుంచి)

పై సమాధానం ఇచ్చినవారి అనుభవాన్ని గౌరవిస్తూనే నేను వేరే మాట చెప్పాలి. మేము గంటన్నర దూరంలో ఉంటాము, ఇండియా నుంచి ఎవరు వచ్చినా డిస్నీ చూపించే బాధ్యత మాదే, కాబట్టి ఇంట్లోనూ ఉన్నాము, హోటళ్లలోనూ ఉన్నాము. పెద్దవాళ్లు, చిన్నపిల్లలు కలిసి ఉన్న కుటుంబానికి మధ్యాహ్నం మూడు గంటలపాటు నడుం వాల్చే వీలు ఎక్కడ ఉందన్నదే మొదట చూడవలసినది. వంటిల్లు దాని తర్వాత.

అక్కడి నాలుగు పార్కుల్లో (మ్యాజిక్ కింగ్‌డమ్, ఎప్కాట్, హాలీవుడ్ స్టూడియోస్, యానిమల్ కింగ్‌డమ్) మ్యాజిక్ కింగ్‌డమ్ సంగతే చూడండి. దాని కారు పార్కింగ్ పార్కు గుమ్మం ముందు ఉండదు. చెరువుకు ఇవతలి ఒడ్డున ట్రాన్స్‌పోర్టేషన్ అండ్ టికెట్ సెంటర్ దగ్గర కారు ఆపి, అక్కడి నుంచి మోనోరైల్ గానీ పెద్ద పడవ గానీ ఎక్కి అవతలికి చేరాలి. 1971లో పార్కు తెరిచినప్పటి నుంచీ ఇదే అమరిక. ఆరుగురు, ఒక తోపుడు బండి, మోకాళ్ల నొప్పులు ఉన్న పెద్దావిడ కారు దిగినప్పటి నుంచి పార్కు లోపల అడుగుపెట్టేదాకా ముప్పావు గంట సులువుగా గడిచిపోతుంది. దానికి డేవన్‌పోర్ట్ నుంచి కారు ప్రయాణం కలపండి. ఇంత శ్రమ ఉంటే మధ్యాహ్నం ఇంటికి వెళ్లి మళ్లీ సాయంత్రం రావాలని ఎవరికీ అనిపించదు. ఫలితంగా పెద్దవాళ్లు ఒంటిగంట నుంచి ఐదు దాకా ఏ బల్ల మీదో నీడ వెతుక్కుంటూ కూర్చుంటారు. మా పిన్నిగారితో వెళ్లినప్పుడు సరిగ్గా ఇదే జరిగింది. ఇంట్లో ఫ్రిజ్ నిండా ఆమె చేసిన వంటలు ఉన్నా, ఆమె ఆకలితో ఉన్న వేళ మేము ఆ ఫ్రిజ్‌కు గంట దూరంలో ఉన్నాము.

డిస్నీ హోటల్లో దిగినవారిని బస్సు మ్యాజిక్ కింగ్‌డమ్ గుమ్మం దగ్గరే దింపుతుంది, ఆ పడవ అవసరమే లేదు. ఆర్ట్ ఆఫ్ యానిమేషన్‌కు ఇంకొక సౌకర్యం, 2019లో మొదలైన స్కైలైనర్. తీగ మీద వేలాడుతూ నడిచే ఆ చిన్న గదుల్లో కూర్చుని, కరిబియన్ బీచ్ స్టేషన్‌లో ఒకసారి మారితే, హాలీవుడ్ స్టూడియోస్‌కూ ఎప్కాట్‌కూ వెళ్లవచ్చు. ఎప్కాట్‌లో అది, ఒక్కో దేశం పేర కట్టిన మంటపాల్లో ఫ్రాన్స్, బ్రిటన్ మంటపాల మధ్య ఉన్న వెనక గుమ్మం దగ్గర దింపుతుంది. భోజనశాలలు చాలావరకు అటువైపే, అత్తగారికి నడక తగ్గుతుంది. చక్రాల కుర్చీతో కూడా ఎక్కవచ్చు. ఉరుములు, మెరుపులు ఉంటే మాత్రం ఆపేస్తారు, అప్పుడు బస్సే దిక్కు. ఏప్రిల్‌లో ఆ బెడద వేసవిలో ఉన్నంత ఉండదు. హోటల్ అతిథులను నాలుగు పార్కుల్లోనూ మిగతావారికంటే 30 నిమిషాల ముందు లోపలికి పంపుతారు. పార్కులో కారు పార్కింగ్ రుసుము కూడా వారికి ఉండదు.

సూట్ విషయానికి వస్తే, అందులో రెండు స్నానాలగదులు ఉన్నాయి. తలుపు ఉన్న పడకగది ఒకటి, దాన్ని అత్తమామలకు ఇవ్వండి. మీరు నలుగురూ ముందుగదిలో సోఫా మంచం, బల్లను కిందికి దించితే అయ్యే మంచం సర్దుకోవచ్చు. మైక్రోవేవ్, చిన్న ఫ్రిజ్, సింకు ఉంటాయి, పొయ్యి ఉండదు. సూట్లు కార్స్, లయన్ కింగ్, ఫైండింగ్ నీమో పేర్లున్న భవనాల్లోనే ఉన్నాయి. లిటిల్ మెర్మెయిడ్ వైపువి నలుగురికి మాత్రమే సరిపోయే మామూలు గదులు, బుక్ చేసేటప్పుడు పొరబడకండి. ఫోర్ట్ వైల్డర్‌నెస్ క్యాబిన్ చూడముచ్చటగా ఉంటుంది, స్టవ్‌తో సహా వంటిల్లు ఉంది, మ్యాజిక్ కింగ్‌డమ్‌కు పడవలో వెళ్లవచ్చు. కానీ ఆరుగురికీ ఒక్కటే స్నానాలగది, మిగతా పార్కులకు వెళ్లాలంటే లోపలి బస్సు ఎక్కి, దిగి, ఇంకొక బస్సు ఎక్కాలి. పొద్దున 7 గంటలకు ఆరుగురు తయారవ్వాల్సిన ఇంట్లో ఆ ఒక్క స్నానాలగది గురించి బాగా ఆలోచించండి.

ఇంకొక మాట చనువు తీసుకుని చెప్తున్నాను, ఏమీ అనుకోకండి. పూర్తి వంటిల్లు ఉన్న చోట వంట చేసేది ఎవరు? ఐదు గంటలకు లేచి పులిహోర కలిపి, రాత్రి తొమ్మిదింటికి వచ్చి గిన్నెలు తోమే పని మీ మీదో మీ అత్తగారి మీదో పడుతుంది. మా ఇంట్లో మొదటిసారి అదే జరిగింది, మా ఆవిడకు ఆ ఐదు రోజులూ విహారం అనిపించలేదు, ఆ సంగతి నేను ఆలస్యంగా గ్రహించాను. మైక్రోవేవ్‌తో సరిపెట్టుకుంటే ఎంతవరకు జరుగుతుందో ముందు చూడండి. నా లెక్కలో చాలావరకు జరుగుతుంది.


సమాధానం (న్యూజెర్సీ నుంచి)

బస గురించి పైవారు బాగా చెప్పారు, నేను భోజనం గురించే రాస్తాను. మా ఇంట్లో కూడా గుడ్డు ముట్టనివారు ఉన్నారు, కాబట్టి ఇది నాకు చాలా పట్టింపు ఉన్న విషయం.

మన దేశంలో పొట్లం మీద పచ్చ చుక్క చూస్తే నిశ్చింతగా ఉంటాము. గుడ్డు ఉంటే ఆ చుక్క పడదు. ఇక్కడ అలాంటి గుర్తు లేదు, 'వెజిటేరియన్' అన్న మాటలో గుడ్డు కలిసే ఉంటుంది. డిస్నీ భోజనశాలల జాబితాల్లో కొన్ని పదార్థాల పక్కన పచ్చని ఆకు గుర్తు కనిపిస్తుంది. దాని అర్థం మాంసం, పాలు, గుడ్డు, తేనె ఏవీ లేకుండా చేసిన వంటకం అని. మీ అత్తగారు పాలు, పెరుగు తీసుకుంటారు కనుక ఆమె నియమం కంటే ఈ గుర్తు ఇంకా కఠినం. ఆకు ఉన్నది గుడ్డు భయం లేకుండా తినవచ్చు. ఆకు లేనంత మాత్రాన తినకూడదని కాదు, అడిగి తెలుసుకోవాలి. అడిగేటప్పుడు 'శాకాహారమా' అన్న ఒక్క ప్రశ్నతో ఆగకండి. అన్నం నీళ్లతో వండారా, కోడి రసంతో వండారా? బీన్స్‌లో పంది కొవ్వు కలిసిందా? వేపుళ్లు మాంసం వేయించిన నూనెలోనే వేయించారా? రొట్టెలో గుడ్డు ఉందా? ఈ నాలుగూ విడివిడిగా అడగాలి. సలాడ్ మీద పోసే సీజర్ డ్రెస్సింగ్‌లో చేప ఉంటుంది, పిల్లలు ఇష్టపడే మార్ష్‌మాలోల్లో జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసే జెలటిన్ ఉంటుంది, ఇటలీ పద్ధతి పర్మేజాన్ జున్నును దూడ జీర్ణాశయం నుంచి తీసిన రెన్నెట్‌తో తోడుపెడతారు. మీ అత్తగారికి ఇవన్నీ పట్టింపో కాదో బయలుదేరకముందే ఆమెతో కూర్చుని మాట్లాడండి. కౌంటర్ దగ్గర వరుసలో నిలబడి అడిగితే మొహమాటంతో 'ఫర్వాలేదు' అనేస్తారు.

కూర్చుని తినే భోజనశాలల్లో బల్ల దగ్గరికి వచ్చినవారికి మీ నియమం చెప్పి, వంటచేసేవారితో మాట్లాడాలని అడగండి. తోచిన సందేహాలన్నీ నిస్సంకోచంగా అడగవచ్చు, విసుక్కోవడం నేను చూడలేదు. మీ అందరికీ నేను గట్టిగా చెప్పే చోటు సనా. యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్ హోటల్లో కిదానీ విలేజ్ వైపు ఉంటుంది. ఆఫ్రికా వంటకు భారతీయ రుచులు కలిపిన భోజనశాల అది. తందూరులో కాల్చిన నాన్‌లు, వాటితో రకరకాల చట్నీలు, రైతా వంటివి ఒకే పళ్లెంలో తెస్తారు. కిటికీల అవతల పచ్చిక మీద జిరాఫీలు, చారల గుర్రాలు తిరుగుతూ ఉంటాయి, మీ బాబు భోజనం చేస్తున్నంతసేపూ పేచీ పెట్టడు. ఆ హోటల్లో దిగకపోయినా అక్కడ తినవచ్చు. యానిమల్ కింగ్‌డమ్ పార్కు చూసే రోజున అక్కడికి భోజనానికి వెళ్లి రావడం దగ్గర. చీకటి పడితే జంతువులు సరిగా కనపడవు, మధ్యాహ్నమే వెళ్లండి. భోజనశాలల్లో చోటు 60 రోజుల ముందు నుంచి బుక్ చేసుకోవచ్చు. డిస్నీ హోటల్లో దిగేవారు తాము చేరే రోజుకు 60 రోజుల ముందే, 10 రోజుల వరకు బసకాలం మొత్తానికీ ఒకేసారి బుక్ చేసుకోగలరు. సనాకు ఇది ముఖ్యం, ఎందుకంటే అది చాలా ముందుగా నిండిపోతుంది.

త్వరగా తినే చోట్లలో, యానిమల్ కింగ్‌డమ్‌లో పండోరా భాగంలోని సతూలీ క్యాంటీన్ మా ఇంట్లో అందరికీ నచ్చింది. అన్నమో కూరగాయలో అడుగున వేసి, పైన టోఫు పెట్టించుకోవచ్చు. మామగారి మధుమేహానికి పిజ్జా కంటే అది నయం. ఎప్కాట్‌లో పదకొండు దేశాల మంటపాలు ఉన్నాయి గానీ భారతదేశపు మంటపం లేదు. అక్కడికి వెళ్లి ఇండియా ఎక్కడ అని వెతికి నిరాశపడిన పెద్దవాళ్లను చూశాను, ముందే చెప్పి తీసుకెళ్లండి. అక్కడ ఇటలీ మంటపంలోని వియా నాపోలీలో కట్టెల పొయ్యి మీద కాల్చిన పిజ్జా పిల్లలకు బాగుంటుంది.

చాలామందికి తెలియని సంగతి, డిస్నీ పార్కుల్లోకి మన తిండి మనం తీసుకువెళ్లవచ్చు. గాజు సీసాలు, వేడిచేస్తే గానీ తినలేనివి, ఘాటైన వాసన వచ్చేవి తేకూడదని నియమం. విడి మంచుముక్కలు వద్దంటారు, జెల్ ఉన్న ఐస్‌ప్యాక్‌లు పెట్టుకోవచ్చు. అందుకని ఆవకాయ సీసా గదిలో వదిలేసి, పులిహోర, చపాతీలు, కందిపొడి కలిపిన అన్నం మూత బిగువుగా ఉన్న డబ్బాల్లో తీసుకెళ్లండి. పులిహోర మధ్యాహ్నం దాకా నిక్షేపంగా ఉంటుంది. పెరుగన్నం మాత్రం ఐస్‌ప్యాక్ పక్కనే ఉండాలి. మంచినీళ్లకు డబ్బు పెట్టకండి, శీతల పానీయాలు అమ్మే కౌంటర్లలో అడిగితే చల్లటి నీళ్లు ఉచితంగా ఇస్తారు. మీ ప్రయాణంలో యూనివర్సల్ పార్కులు కూడా కలుపుకుంటే ఈ వెసులుబాటును నమ్ముకోకండి, అక్కడ చిరుతిళ్లకు తప్ప బయటి భోజనానికి సాధారణంగా అనుమతి ఉండదు.

ఇక మైక్రోవేవ్‌లో అన్నం. మైక్రోవేవ్ కోసమే అమ్మే ప్లాస్టిక్ అన్నం గిన్నె ఒకటి కొనండి. సోనామసూరి పావుగంట నానబెట్టి, ఒకటికి రెండు నీళ్లు పోసి, 12 నుంచి 15 నిమిషాలు ఉంచితే చక్కగా ఉడుకుతుంది. ఇంట్లో ఒకసారి చేసి చూసుకుని వెళ్లండి. పప్పు, పులుసు ఇంటి దగ్గరే చేసి గడ్డకట్టించి తీసుకెళ్తే రెండు రాత్రులు గడుస్తాయి. కరెంటు కుక్కర్ తీసుకెళ్లాలనుకుంటే హోటల్‌ను ముందు అడిగి తీసుకెళ్లండి.


ప్రశ్న అడిగినవారు (అట్లాంటా నుంచి)

ముగ్గురికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. టాంపా వారి సమాధానం మా వారికి చదివి వినిపించాను. ఫ్రిజ్‌కు గంట దూరంలో ఆకలితో కూర్చోవడమన్న మాట దగ్గర ఇద్దరం కాసేపు మాట్లాడలేకపోయాము, పోయినసారి మా అత్తగారికి జరిగింది అదే. వంట ఎవరు చేస్తారన్న ప్రశ్న కూడా నేను పైకి అనలేకపోయినదే. అద్దె ఇంటి ఆలోచన మానుకుని సూట్ తీసుకుందామని నిర్ణయించాము. డాలస్ వారూ, మీ మాట తీసివేయలేదు, వేసవిలో మా అమ్మావాళ్లు, అన్నయ్య కుటుంబం కూడా కలిసి పదిమందిమి అయినప్పుడు తప్పకుండా ఇల్లే చూస్తాము, కింది అంతస్తు గది సంగతి గుర్తుపెట్టుకుంటాను.

ఇంకా రెండు సందేహాలు. శనివారం ఉల్లి, వెల్లుల్లి లేకుండా పార్కులో అత్తగారికి ఎలా? మామగారి ఇన్సులిన్ పార్కులో రోజంతా ఎక్కడ పెట్టాలి? ఆయన సూది వేసుకున్నాక భోజనం ఆలస్యమవుతుందేమోనన్నదే నా భయం.


సమాధానం (ర్యాలీ నుంచి)

నేను మందుల దుకాణంలో ఫార్మసిస్టుగా పనిచేస్తున్నాను, మా నాన్నగారికి కూడా ఇన్సులిన్ ఉంది, కాబట్టి రెండో సందేహానికి నేను చెప్తాను. మోతాదు సంగతి మాత్రం ఆయన డాక్టరుతోనే మాట్లాడాలి. అది ఎందుకు ముఖ్యమంటే, ఇంట్లో రోజుకు రెండు వేల అడుగులు నడిచే మనిషి ఆ పార్కుల్లో అంతకు ఎన్నో రెట్లు నడుస్తారు, అదే మోతాదుకు చక్కెర బాగా పడిపోవచ్చు. బయలుదేరే ముందే డాక్టరును అడిగి, ఎక్కువ నడిచే రోజుల్లో ఏం చేయాలో రాయించుకోండి. గ్లూకోజ్ బిళ్లలు గానీ చిన్న పళ్లరసం డబ్బా గానీ మీ సంచిలో కాకుండా ఆయన జేబులోనే ఉండాలి, ఎందుకంటే మీరు పిల్లలతో రైడ్ ఎక్కినప్పుడు ఆయన కింద ఒక్కరే కూర్చుని ఉంటారు.

వాడుకలో ఉన్న ఇన్సులిన్ పెన్ను ఎండ తగలని చోట, 30 డిగ్రీల సెల్సియస్ దాటకుండా ఉంటే చాలు. ఐస్‌ప్యాక్‌కు ఆనించి పెట్టకండి, గడ్డకడితే ఆ మందు పనికిరాదు. చిన్న గుడ్డలో చుట్టి పెట్టండి. ప్రతి పార్కులోనూ ప్రథమ చికిత్స కేంద్రం ఉంటుంది, చల్లగా ఉంచవలసిన మందులు అక్కడ దాచుకోవచ్చు, వాడిన సూదులు వేయడానికి డబ్బా కూడా ఉంటుంది. మందు సంచిలో సూదులు ఉన్నాయని గుమ్మం దగ్గర తనిఖీలో ముందే చెప్పండి.

భోజనం ఆలస్యం గురించి మీ భయం సరైనదే. దానికి నేను పాటించే కట్టుబాటు ఒక్కటే. భోజనం ముందున్న బల్ల మీదికి వచ్చాకే సూది. యాప్‌లో ముందుగా ఆర్డర్ పెట్టినా, సిద్ధమైందన్న సందేశం వచ్చి పళ్లెం చేతికి అందేదాకా ఆగండి. కూర్చుని తినే చోట బల్ల దొరికిందని వేసుకోవద్దు, వంట రావడానికి అరగంట పట్టవచ్చు. ఆ వ్యవధిలో ఆకలి వేస్తే మీ డబ్బాలోని చపాతీ ఒకటి ముందు పెట్టండి. మధ్యాహ్నం పూట జనం 12 నుంచి 1:30 దాకా ఎక్కువ. 11:15కే పిలుచుకెళ్లి కూర్చోబెడితే వేళా తప్పదు, నిలబడే పనీ ఉండదు.


సమాధానం (న్యూజెర్సీ నుంచి)

శనివారానికి నాకు ఒక మార్గం తోస్తోంది. సెలవులు శనివారమే మొదలవుతాయి కదా, ఆ రోజును ప్రయాణానికి కేటాయించండి. అట్లాంటా నుంచి ఐ-75 మీదుగా వచ్చి టర్న్‌పైక్ పట్టుకుంటే దారిలో ఆగడాలతో కలిపి పొద్దంతా పడుతుంది. ఉల్లి లేని పులిహోర, పెరుగు ఇంటి నుంచే తెచ్చుకుని, మధ్యాహ్నం దారిలో ఏదైనా విశ్రాంతి స్థలంలో నీడన కూర్చుని మీ అత్తగారు తన ఒంటిపూట భోజనం ముగించుకోవచ్చు. రాత్రికి పాలు, పళ్లు చాలు. శుక్రవారం తిరుగు ప్రయాణం పెట్టుకుంటే రెండో శనివారానికి ఇంట్లోనే ఉంటారు. పార్కులో శనివారం గడపవలసిన అవసరమే రాదు.

ఇంకొకటి, చక్రాల కుర్చీ. ఆమె వద్దంటారు, ప్రతి ఇంట్లోనూ పెద్దవాళ్లు మొదట వద్దనే అంటారు. పార్కు గుమ్మం దగ్గరే అద్దెకు ఇస్తారు, ముందు వచ్చినవారికి ముందు. తోపుడు కుర్చీ ఒకటి తీసుకుని మొదట పాపను కూర్చోబెట్టి నడిపించండి. గంట తర్వాత ఆమే కూర్చుంటారు. మా అమ్మ అలాగే ఒప్పుకున్నారు.


ప్రశ్న అడిగినవారు (అట్లాంటా నుంచి)

శనివారం ప్రయాణమన్నది మాకు తట్టనే లేదు. లయన్ కింగ్ భవనంలో సూట్ ఆరు రాత్రులకు ఇప్పుడే బుక్ చేశాము. మధ్యలో బుధవారం ఏ పార్కూ పెట్టుకోకుండా విశ్రాంతికి వదిలేశాము. ఫిబ్రవరి తొలి వారంలో సనాలో సోమవారం మధ్యాహ్నానికి చోటు అడగాలని క్యాలెండర్‌లో రాసుకున్నాను. మామగారి డాక్టరుతో తెనాలికి ఫోన్‌లో మాట్లాడే పని మా వారు తీసుకున్నారు.

నిన్న రాత్రి అత్తగారి పక్కన కూర్చుని, పై సమాధానంలోని ప్రశ్నలు ఒక్కొక్కటే అడిగాను. జున్ను సంగతి ఆమెకు తెలియదు, విన్నాక వద్దన్నారు. వేపుళ్ల నూనె సంగతి విని, పోయినసారి తిన్నవి ఎలాంటివో అని కాసేపు ఊరుకున్నారు. అక్కడ పొద్దున్నే ఏం తినాలని ఉంది అని అడిగితే, మొదట 'ఏదైనా ఫర్వాలేదు' అన్నారు. రెండోసారి అడిగితే అటుకుల ఉప్మా అన్నారు. మైక్రోవేవ్‌లో అటుకుల ఉప్మా ఎవరైనా చేసి ఉంటే కొలతలు రాయండి.